వెలుగు పడిన వైపు

ఐదో బొమ్మ దగ్గర పని ఆగిపోయింది.

అప్పటిదాకా చకచకా సాగింది. పోస్టుమాన్, గొడుగులు బాగుచేసేవాడు, చంటిబిడ్డ తల్లి, బస్తా మోసే కూలీ, నలుగురూ బుద్ధిగా లెన్స్ ముందు నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. ఒక్కొక్కరూ బొటనవేలంత ఉంటారు. తగరంతో పోత పోసిన ఒళ్లు, దాని మీద అక్క వేసిన రంగులు. ఐదోవాడు పేపర్లు అమ్మే ముసలాడు. వాడు మాత్రం మొండికేశాడు.

చెల్లెలు దీపాన్ని కాస్త పైకి లేపింది. ముసలాడి మొహం సున్నం కొట్టినట్టయింది. కిందికి దించింది. గడ్డం కింద నీడ ఉండాల్సిన చోట వెలుగు, బుగ్గ మీద వెలుగు ఉండాల్సిన చోట మసక. దీపం ముందు ఒక పొర కట్టిన బటర్ పేపర్‌ని రెండు పొరలు చేసింది. రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదింది. వెనకాల బూడిదరంగు అట్ట తీసేసి నీలంది పెట్టింది. ఏం చేసినా అంతే. కంటికి చూస్తే ముసలాడు బ్రహ్మాండంగా ఉన్నాడు, చంకలో పేపర్ల కట్ట, ముడతల మధ్య గోరువెచ్చని నవ్వు. కెమెరా తెర మీద చూస్తే మాత్రం ఉడికించిన బంగాళాదుంపకు టోపీ పెట్టినట్టున్నాడు.

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. ఐదింటికల్లా ఫోటోలు మ్యూజియం వాళ్లకు చేరాలి. ఒక్క నిమిషం దాటినా తీసుకోమని ఉత్తరంలో గట్టిగానే రాశారు.

వాళ్లు పాత బజారు వీధి నమూనా ఒకటి కట్టిస్తున్నారు. పెద్ద హాలు మధ్యలో, అద్దాల పెట్టెలో, కొట్లూ బండ్లూ గోడలూ అన్నీ చిన్నవి చేసి. ఆ వీధిలో మూడు వందల మంది మనుషులు ఉండాలి. మూడు వందల మందికీ రంగులు వేసేది ఒకే కళాకారుడు, రెండేళ్ల పని. వడపోసి వడపోసి చివరికి ఇద్దర్ని మిగిల్చారు. ఆ ఇద్దరిలో అక్క ఒకతి. ఆరు బొమ్మలకు విడివిడిగా ఆరు ఫోటోలు, ఆరింటినీ కలిపి ఒకటి, కుంచె పట్టి పనిచేస్తున్న చెయ్యి ఒకటి. మొత్తం ఎనిమిది. ఫోటోల్లో దిద్దుబాట్లు చేయకూడదు, కుడి ఎడమలు తిప్పకూడదు. నచ్చితే ఒక రోజు పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి రంగు వేయించి చూస్తారు.

అక్కకు యాభై ఎనిమిదేళ్లు. అందులో ముప్పై ఏళ్లు ఆటబొమ్మల కొట్లకూ, అద్దాల బీరువాల్లో దాచుకునే సరదా ఉన్నవాళ్లకూ రంగులు వేసింది. ఏ బొమ్మ మీదా ఆమె పేరు లేదు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా తెలియదు. ఈ బజారు వీధికి మాత్రం పక్కన ఇత్తడి పలక మీద పేరు చెక్కిస్తారట. ఆ ఉత్తరం వచ్చిన రోజు అక్క దాన్ని మూడుసార్లు చదివి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆనందం వచ్చినా కోపం వచ్చినట్టే ఉంటుంది ఆవిడ వ్యవహారం.

ఇప్పుడా అక్క వెనకాల కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. చెల్లెలి వీపు మీద ఆ చూపు గుచ్చుకుంటూనే ఉంది.

“ఇంకా ఎంతసేపే?” అంది అక్క.

దీపం సరిగ్గా కుదరడం లేదని చెల్లెలు గొణిగింది. ఇరవై ఏళ్ల నుంచీ కుదిరిన దీపానికి ఇవాళే ఏం రోగం వచ్చిందని అక్క అడిగింది. నిజానికి చెల్లెలి అనుమానమూ అదే. ఆమె వృత్తి చిన్న వస్తువుల ఫోటోలు తీయడం. ఉంగరాలు, గడియారాలు, మందుసీసాలు. అక్క బొమ్మలన్నీ తీసింది కూడా ఆమే. అక్క పనితనం లోకానికి తెలిసిందంటే అందులో సగం తన దీపానిదేనని ఆమె లోలోపల నమ్మకం. ఆ ముక్క అక్క ముందు పైకి అనే ధైర్యం మాత్రం ఇంతవరకూ చేయలేదు.

ఆ దీపంలో పెద్ద రహస్యమేమీ లేదు. నిలువెత్తు మనిషి ముక్కు కింద పడేంత నీడ బొటనవేలంత మనిషి ముక్కు కింద పడదు. అందుకని బొమ్మల మీద వెలుగునీ నీడనీ కూడా రంగుతోనే వేయాలి. అక్క బొమ్మను కిటికీ ముందు పట్టుకుని, వెలుగు ఏ వైపు పడుతోందో చూసి, అటు లేత రంగూ ఇటు ముదురు రంగూ వేస్తుంది. ఫోటో తీసేటప్పుడు దీపం కూడా అదే వైపు నుంచి రావాలి. కుంచె వేసిన వెలుగూ, దీపం వేసిన వెలుగూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే బొమ్మకు ప్రాణం వస్తుంది. అక్క కిటికీ ఎడమవైపు, చెల్లెలి దీపం ఎడమవైపు. ఇందులో ఇరవై ఏళ్లుగా ఆలోచించాల్సిన అవసరమే రాలేదు.

మూడైంది. ముసలాడు నలభై రెండోసారి కూడా బంగాళాదుంపలాగే వచ్చాడు. నలుగుర్ని అంత బాగా తీసి ఐదోవాణ్ణి ఇలా పంపిస్తే, తప్పు కెమెరాదని అక్కడెవరూ అనుకోరు. రంగు వేసిన చెయ్యిదే అనుకుంటారు. అక్క ముప్పై ఏళ్ల ఎదురుచూపు తన చేతుల్లో పాడైపోతుందేమోనని చెల్లెలి భయం.

అప్పుడు బావ టీ తెచ్చాడు. ట్రే పెట్టడానికి బల్ల మీద చోటు లేక, ఒక చేత్తో ట్రే పట్టుకుని రెండో చేత్తో దీపం స్టాండును ఇవతలికి లాగేశాడు.

“బావా, ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను” అంటూ చెల్లెలు తల తిప్పి, మాట మధ్యలోనే ఆగిపోయింది.

కెమెరా తెర మీద ముసలాడు నవ్వుతున్నాడు. బుగ్గ ఎముక మీద ఎండ తగిలినట్టు వెలుగు, టోపీ అంచు కింద చల్లని నీడ, కంటి చివర ముడతలు మూడూ లెక్కపెట్టుకోవచ్చు. దీపం ఇప్పుడు కుడివైపు ఉంది. ఆమె ఊపిరి బిగబట్టి మీట నొక్కింది. ఆరో బొమ్మ, బడికెళ్లే పిల్లను తెచ్చి అక్కడే నిలబెట్టింది. ఆ పిల్లా అంతే, కుడివైపు దీపంలో రెండు జడలతో సహా కళకళలాడిపోయింది.

గండం గడిచిందన్న సంతోషం నిమిషం కూడా నిలవలేదు. ఈ రెండు బొమ్మలకు వెలుగు కుడి నుంచి వేశావేమిటని అక్కను అడిగింది. ఊరికే, మార్పు కోసం అంది అక్క, చూపు కలపకుండా. ముప్పై ఏళ్లుగా రంగులు కలిపే పింగాణీ పళ్లెం అంచు విరిగినా మార్చని మనిషికి మార్పు కోసమట. బావ అక్కడే నిలబడి టీ కప్పుల్ని అవసరం లేకపోయినా సర్దుతున్నాడు.

చెల్లెలు లేచి అక్క పనిగది వైపు నడిచింది.

“ఎక్కడికే? దుమ్ము పడుతుంది, తలుపు తియ్యకు” అంది అక్క.

ఆ మాట అయిదు నెలలుగా వింటూనే ఉంది. తడి రంగు మీద దుమ్ము పడుతుందని, ఎవరూ రావద్దని. ఈసారి వినలేదు.

కిటికీ ఉన్నచోటే ఉంది. బల్లే తిరిగిపోయింది. కుర్చీ ఇదివరకు ఉన్న వైపు నుంచి ఎదుటి వైపుకు వచ్చింది. కుంచెల డబ్బా, నీళ్ల గ్లాసు, విరిగిన అంచు పళ్లెం అన్నీ ఎడమచేతికి అందేట్టు సర్ది ఉన్నాయి. చెల్లెలు ఆ కుర్చీలో కూర్చుంది. కిటికీ కుడి భుజం పక్కన ఉంది.

కుడిచేతి వాటం వాళ్లు కిటికీని ఎడమవైపు ఉంచుకుంటారు, చేతి నీడ కుంచె మొన మీద పడకుండా. ఈ సంగతి చిన్నప్పుడు తనకు చెప్పింది అక్కే. కిటికీ కుడివైపు కావాల్సింది ఎడమచేత్తో వేసేవాళ్లకే.

బల్ల మీద పొడుగాటి పళ్లెం ఒకటి, దాని మీద గుడ్డ. గుడ్డ తీసింది. పేపర్లు అమ్మే ముసలాడు, వరసగా పంతొమ్మిది మంది. మొదటివాడి కళ్లు బుగ్గల మీదికి కారిపోయాయి. రెండోవాడి మీసం చెవి దాకా పోయింది. వరస మధ్యకు వచ్చేసరికి కళ్లు ఉండాల్సిన చోటికి వచ్చాయి, ఆ తర్వాతివాడికి పెదవి కుదిరింది, చివరివాడికి దాదాపు నవ్వు వచ్చింది. అయిదు నెలలు ఈ తలుపు వెనక ఒక మనిషి అక్షరాలు దిద్దే పిల్లలా మళ్లీ మొదట్నుంచి నేర్చుకుంది. రోజు విడిచి రోజు ఈ ఇంటికి వచ్చి, టీ తాగి, కబుర్లు చెప్పి వెళ్లిన తనకు తెలియనే లేదు. పైగా బావ టీ పోస్తుంటే, కూరలు తరుగుతుంటే, రిటైరయ్యాక మా బావకు జ్ఞానోదయమైందని పడీ పడీ నవ్వింది. ఇప్పుడు అది తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వెనక్కి తిరిగేసరికి అక్క గుమ్మంలో ఉంది. శాలువా లోపలి నుంచి కుడిచెయ్యి బయటికి తీసి చూపించింది. వేళ్లు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి.

“ఇది ఇంక ఆగదట. మందులతో కాస్త తగ్గొచ్చు, అంతేనన్నాడు డాక్టరు.”

“నాకెందుకు చెప్పలేదక్కా?”

“చెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేనూ ఏడుస్తాను. ఇద్దరం కూర్చుని ఏడుస్తుంటే బొమ్మలకి రంగులెవరు వేస్తారే?”

బావకైనా చెప్పేది కాదట, చొక్కా గుండీ కుట్టమని ఇస్తే సూదిలో దారం ఎక్కించలేక దొరికిపోయిందట. మ్యూజియం వాళ్లకు తెలిస్తే రెండో మాట లేకుండా పని అవతలివాళ్లకు ఇచ్చేస్తారని అక్క భయం. జబ్బుచేసిన చేతికి రెండేళ్ల పని ఎవరిస్తారు? మొదటి నాలుగు బొమ్మలూ పాతవి, కుడిచేత్తో వేసినవి. మిగతా రెండూ కొత్తగా వేసి పంపాలని వాళ్ల షరతు. ఎడమచేత్తో వేసి, రెండు చేతుల పనికీ తేడా లేదని తేల్చుకున్నాకే బయటపెట్టింది. కప్పుకునే శాలువా దగ్గర్నుంచి మూసే తలుపు దాకా అన్నీ ఆలోచించుకుంది. బల్ల తిప్పితే బొమ్మల మీద వెలుగు కూడా తిరుగుతుందన్నది ఒక్కటే తట్టలేదు. కళ్లెదురుగా ఉన్న వెలుగును ఉన్నట్టు వేయడం ఆవిడకు ఊపిరి పీల్చినంత అలవాటు మరి.

చెల్లెలికి ఏడుపు వచ్చింది. గడియారం చూసి మింగేసింది. నాలుగు అవుతోంది.

ఆరుగుర్నీ కలిపి తీయాల్సిన ఫోటో మిగిలింది. అసలు చిక్కంతా అక్కడే. దీపం ఎడమవైపు పెడితే కొత్తవాళ్లిద్దరూ చచ్చిపోతున్నారు. కుడివైపు పెడితే పాతవాళ్లు నలుగురూ. రెండు వైపులా రెండు దీపాలు పెడితే ఒకరి నీడ ఇంకొకరి వెలుగును తినేసి, ఆరుగురూ కట్టగట్టుకుని బంగాళాదుంపలైపోయారు. నాలుగుంబావు. అక్క పక్కకు వచ్చి నిలబడింది. తిట్టలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

ముసలాణ్ణి తీసి వరసకు ఆ చివర పెట్టింది, ఈ చివర పెట్టింది. ఎడమ చివర ఉన్నప్పుడు వాడి మొహంలోని వెలుగు వరస మధ్యకు చూస్తోంది. కుడి చివర ఉన్న పోస్టుమాన్ మొహంలోని వెలుగూ మధ్యకే చూస్తోంది. చెల్లెలు ఒక్కసారి నిటారుగా లేచింది.

“అక్కా, నీ దగ్గర వీధిదీపం స్తంభం ఒకటి ఉండాలే. పోయినేడు రంగు వేస్తా వేస్తానని వదిలేశావు.”

బావ దాన్ని వెతకడానికి సొరుగులన్నీ బోర్లించాడు. స్తంభం దొరికింది. టార్చిలైటు విప్పి అందులోని బల్బు తీసి, సన్నని తీగతో స్తంభం తలకు కట్టారు. స్తంభాన్ని మధ్యలో నిలబెట్టి, ఎడమవైపు ముసలాణ్ణీ బడిపిల్లనూ, కుడివైపు నలుగుర్నీ నిలబెట్టారు. పెద్ద దీపాలు ఆర్పేసి, కిటికీ తెర లాగేసి బల్బు వెలిగించారు.

ఆరు మొహాలూ ఒకేసారి వెలిగాయి. సాయంత్రం దీపం పెట్టగానే దాని చుట్టూ చేరి కబుర్లు చెప్పుకుంటున్న మనుషుల్లా ఉన్నారు. బడిపిల్ల పోస్టుమాన్‌ని ఏదో అడుగుతోంది, ముసలాడు విని నవ్వుకుంటున్నాడు. ఇన్నేళ్లలో అక్క బొమ్మల్ని ఇంత బాగా తాను ఎప్పుడూ తీయలేదని చెల్లెలికి తెలుసు. అక్కకూ తెలిసినట్టుంది. శాలువా కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఇక చెయ్యి ఒకటి మిగిలింది. నాలుగూ ముప్పై అయిదు.

అక్క వచ్చి బల్ల ముందు కూర్చుని కుంచెను కుడిచేతిలోకి తీసుకుంది. కుంచె మొన గాలిలో ఆగకుండా వణుకుతోంది.

“నీ కెమెరాకి వేగం ఎక్కువ కదా. ఎగిరే నీటిబొట్టుని ఆపుతుందని నువ్వే అన్నావు. దీన్ని ఆపు” అంది.

ఆపగలదు. చెల్లెలు రెండు దీపాలూ వెలిగించి దగ్గరికి జరిపింది. సెకనులో వెయ్యోవంతు పెట్టి మీట నొక్కింది. తెర మీదికి వచ్చిన చెయ్యిని చూడటానికి ఇద్దరూ ముందుకు వంగారు. నిశ్చలంగా, నిబ్బరంగా, చూపుడువేలి మీద కుంచె ఒత్తిన కాయతో సహా, చిన్నప్పుడు చెల్లెలి పలకల మీద పువ్వులు గీసిపెట్టిన చెయ్యి. అందులో దిద్దుబాటు ఏమీ లేదు. ఆ వెయ్యోవంతు సెకను సేపు ఆ చెయ్యి నిజంగానే కదలకుండా ఉంది.

పంపేయనా అని చెల్లెలు అడగలేదు. ఫోటో ఇలా పంపి, రేపు వాళ్ల ఎదుట ఏ చేత్తో వేస్తావని కూడా అడగలేదు. అడగకపోయినా ఆ ప్రశ్న గదిలోనే ఉంది. బావ గోడకు ఆనుకుని, పెళ్లాం మొహం వంకే చూస్తున్నాడు. నాలుగూ నలభై అయిదు.

“బాగుంది” అంది అక్క చివరికి. “కానీ ముసలాణ్ణి వేసింది ఇది కాదే.”

కుంచెను ఎడమచేతికి మార్చుకుంది. కుడిచేత్తో బొమ్మను అంటించిన సీసా బిరడాను పట్టుకుని, ఆ చేతిని బల్ల అంచుకు గట్టిగా అదిమి పెట్టింది. కుంచె మొన ముసలాడి కంటి దగ్గరికి వెళ్లి అక్కడ ఆగింది. వెయ్యోవంతు అవసరం లేకపోయింది. చెల్లెలు మామూలు వేగంతోనే తీసింది.

ఎనిమిదో ఫోటో వెళ్లేసరికి నాలుగూ యాభై ఏడు. అక్కర్లేని ఫోటోలు తీసేస్తూ చెల్లెలు కుడిచెయ్యి ఫోటో దగ్గరికి వచ్చింది. దాన్ని ఉంచమని అక్క మెల్లగా చెప్పింది.

అయిదూ పదికి ఫోను మోగింది. మ్యూజియం మేడమ్. ఎంపికంతా ఆవిడ చేతిలోదే. చెల్లెలు స్పీకర్ నొక్కింది. ఫోటోలు అందాయని, ఒక్క అనుమానం ఉందని ఆవిడ పొడిపొడిగా చెప్పింది. దరఖాస్తుతో పంపిన పాత ఫోటోలో కుంచె కుడిచేతిలో ఉంది, ఇప్పుడు పంపినదాంట్లో ఎడమచేతిలో ఉంది. ఫోటో తిప్పి పంపారా? తిప్పినట్టయితే షరతు ప్రకారం పక్కన పెట్టేయాల్సి వస్తుంది.

బావ అక్కను చూశాడు. ఏదో ఒక అబద్ధం చెప్పే చోటు ఇంకా ఉంది. పాత ఫోటోనే తిరగబడిందని అంటే సరిపోతుంది. అక్క ఫోను దగ్గరికి వంగింది.

“తిప్పలేదండీ. చెయ్యే మారింది” అంది. “కుడిచెయ్యికి వణుకు వచ్చింది. ఆరింటిలో నాలుగు కుడిచేత్తో వేసినవి, రెండు ఎడమచేత్తో వేసినవి. ఇక ముందు వేసేవన్నీ ఎడమచేత్తోనే.”

అవతల కాగితాలు జరిపిన చప్పుడు, ఎవరితోనో గుసగుసగా అన్న రెండు మాటలు. చెల్లెలు అక్క కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ వణుకు తన మోచేతుల దాకా పాకింది. వదలలేదు.

“అందరం పది నిమిషాల నుంచి ఆ వీధిదీపం ఫోటోనే చూస్తున్నామండీ” అంది మేడమ్. గొంతులో పొడితనం కాస్త తగ్గింది. “ఆ ఎడమచేత్తో వేసిన రెండూ ఏవి? పోస్టుమాన్, బిడ్డ తల్లీనా?”

“కాదండీ.”

ఎదుట కూర్చుని వేసి చూపించే పరీక్ష సోమవారం పొద్దున పదింటికి, అవతలి వాళ్లకు మంగళవారం అని ఆవిడ చెప్పింది. పనెవరికన్నది ఆ తర్వాతే. రంగులు, కుంచెలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, బల్లా కుర్చీ మ్యూజియం వాళ్లే వేయిస్తారు. అంతా చెప్పి, పెట్టేయబోతూ ఆగింది.

“కిటికీ మీకు ఏ వైపు ఉండాలండీ?”

అక్క చెల్లెలి వైపు చూసింది. ఇందాకటి నుంచీ దిగమింగుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది ఇద్దరికీ. ముక్కు ఎగబీల్చి, గొంతు సవరించుకుని, ఎప్పటి పెడసరంతోనే జవాబు చెప్పింది అక్క.

“కుడివైపు.”